మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ గారికి

విజయనగరం

మహారాజశ్రీ పాత మ్యాచ్ ఎయిర్ రైఫిల్ గారి సముఖమునకు,

మా పిల్లవాడి షూటింగ్ పోటీల కోసం తమరిని కొందామని డబ్బు పట్టుకుని కూర్చున్నవాళ్ళం రాసుకునే ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. తమరి గాలి సిలిండర్ కులాసాయేనా అన్నదే మా బెంగ.

తమరు నల్ల పెట్టెలో, స్పాంజీ మధ్య ఒద్దికగా పడుకుని దయచేశారు. మూత తీస్తూనే తమరి యజమాని అన్న మాట: "వాడనేదు బావూ, కొన్నకాడ్నించీ పెట్లోనే ఉండిపోనాది." చిత్తం. మరి గ్రిప్ మీద బొటనవేలు ఆనేచోట వార్నిష్ అరిగిపోయి కర్ర తెల్లబడిందేం? చీక్‌పీస్ అంచున చెమట మరక ఎవరి చెంపది? పెట్టెలో తమరితోపాటు ఇంకెవరైనా కాపురమున్నారా?

తరవాత వంశగౌరవం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టిందీ, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాబట్టి, ఆ పతకాల్లో తమరికీ పిసరంత వాటా ఉన్నట్టు యజమాని ధోరణి. పతకాలు పక్కన పెడదాం. ముందు కాగితాలు. తమరు 4.5 మిల్లీమీటర్ల గొట్టం వారు, 7.5 జౌల్స్ దెబ్బ వారు. 20 జౌల్స్ లోపు కాబట్టి లైసెన్సు గొడవ లేదు, నిజమే. అలాగని బిల్లు అక్కర్లేదని కాదు. బిల్లు మీదున్న నంబరు, దిగుమతి కాగితం మీదున్న నంబరు, తమరి యాక్షన్ (పేల్చే యంత్రం) మీద చెక్కిన నంబరు, మూడూ ఒకటే కావాలి.

సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ములకు పూసిన రంగు చూడడు, నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. తమరి పళ్ళు సిలిండర్ మీద ఉంటాయి. తయారైన నెలా ఏడాదీ లోహం మీదే కొట్టి ఉంటాయి. చాలా కంపెనీలు దానికిచ్చిన ఆయుష్షు 10 ఏళ్ళు. 2014లో పుట్టిన సిలిండర్‌కి 2024లోనే నూకలు చెల్లాయి. గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. పోటీ రోజు పరికరాలు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర ఆపేస్తే, "అమ్మినాయన బాగానే ఉందన్నాడండి" అన్న జవాబు చెల్లదు. పోటీ సంగతి సరే, సిలిండర్లో నింపే 200 బార్లంటే మన చుట్టూ ఉన్న గాలికి రమారమి 200 రెట్ల ఒత్తిడి. దాన్ని ముసలి అల్యూమినియం గొట్టంలో కుక్కి, పిల్లవాడి ఎడమచేతి పక్కన పెట్టడం మాకు సమ్మతం కాదు. సరిగ్గా తేదీ కొట్టిన చోటే క్లబ్బు స్టిక్కర్ ఎందుకు అంటించుకున్నారో సెలవివ్వండి. స్టిక్కర్ పీకి చూశాకే బేరం.

గడువు ఉంటే లీకు చూస్తాం. హ్యాండ్ పంపుతో గబగబా నింపి, 200 చూపించి, "చూశారా" అనేస్తే కుదరదు. నింపేటప్పుడు గాలి వేడెక్కుతుంది. గంటకి చల్లారి ముల్లు 190 దగ్గర నిలిచిందంటే అది లీకు కాదు, అక్కణ్ణించే మా లెక్క మొదలు. మొదట సిలిండర్ విడిగా ఒక రాత్రి, తరవాత రైఫిల్‌కి బిగించి ఒక రాత్రి. విడిగా ఉన్నప్పుడే దిగితే సిలిండర్ మూతి వాల్వు పోయినట్టు. బిగించాక దిగితే లోపలి ఓ-రింగులు (గాలి ఆపే రబ్బరు వలయాలు) ఎండిపోయినట్టు. ఓ-రింగులు చిన్న ఖర్చే. కానీ అక్కడితో ఆగితే తమరు పాత రైఫిల్ ఎందుకవుతారు?

అసలు జబ్బు దెబ్బదెబ్బకీ గాలి ఒకే ఒత్తిడిలో అందించే రెగ్యులేటర్‌లో ఉంటుంది. దాన్ని కంటితో పట్టుకోలేం, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కావాలి. ఒకే డబ్బాలోని పెల్లెట్లతో, అంటే గుళ్ళతో, పది దెబ్బలు కొడితే పెద్ద వేగానికీ చిన్న వేగానికీ తేడా సెకనుకి 3 మీటర్లు దాటకూడదు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడోసారి, సగంలో ఓసారి, అడుక్కొచ్చాక ఓసారి కొట్టి చూడాలి. నిండుగా 170, సగంలో 174 అంటూ ఎక్కుతున్నారంటే రెగ్యులేటర్ చేతులెత్తేసినట్టే. నాలుగు మీటర్లేగా అనకండి. 10 మీటర్ల దూరంలో ఆ నాలుగు మీటర్లు పెల్లెట్‌ని ముప్పావు మిల్లీమీటరు పైకి నెడతాయి. మార్కులు దశాంశాల్లో వేసే డెసిమల్ లెక్కలో పావు మిల్లీమీటరుకి 0.1 పోతుంది కాబట్టి, గురి ఎక్కడా తప్పకుండానే దెబ్బకి 0.3 పోయింది. ఇంకో పరీక్ష: ఇరవై నిమిషాలు తమరిని ముట్టుకోకుండా వదిలేసి కొడతాం. మొదటి దెబ్బ ఒక్కటే జోరుగా పోయి తరవాతివి సర్దుకున్నాయంటే, విశ్రాంతిలో ఉండగా రెగ్యులేటర్ సీటు దగ్గర గాలి పాకుతోందన్నమాట. పోటీలో పిల్లవాడు ఆగి ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ తమరు ఇలా ఉలిక్కిపడితే ఎలా?

ఇక బ్యారెల్. శ్రీకాకుళంలో, అందునా కళింగపట్నం వైపు ఉప్పుగాలి తిన్న ఇనుముకి తుప్పు పైన కనపడదు. సైటు పట్టా కింద, మిగతా అంతా కూర్చోబెట్టే స్టాక్ లోపల దాక్కుంటుంది. అందుకే యాక్షన్ విప్పకుండా మేం ఏ మాటా ఇవ్వం. గొట్టం మూతి అంచు, అంటే క్రౌన్ మీద కాటన్ ఇయర్‌బడ్ గుండ్రంగా తిప్పితే పోగు ఎక్కడైనా పట్టుకుందా, అక్కడ గంటు ఉన్నట్టు. బ్యారెల్ తుడిచే ఫెల్ట్ పెల్లెట్‌ని వెనకనుంచి ముందుకి తొయ్యమని కంపెనీలు చెబుతుంటే, మూతిలోంచి ఇనప కడ్డీ దూర్చి తోమిన మహానుభావులు చేసిన పని అది. పెల్లెట్ పెట్టే బ్రీచ్ దగ్గర సీలు అణిగినా చీలినా కూడా వేగం అటూ ఇటూ అవుతుంది. రెగ్యులేటర్‌ని తిట్టేముందు ఆ సీలు మార్చి చూడాలి.

అప్పుడు గ్రూపు, అంటే పది దెబ్బలూ ఎంత దగ్గరగా పడ్డాయన్నది. తమరిని బెంచి మీద బిగించి 4.49, 4.50, 4.51 తల సైజు పెల్లెట్లు పదేసి కొడతాం. పెట్టెలో ఉన్న ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు చూపించి మురిపించకండి. అది కొత్త పెళ్ళికూతురప్పటి ఫొటో, ఆ రోజు వాడిన పెల్లెట్ల బ్యాచ్ ఇప్పుడు దొరకదు. మా కొలత వేరు. టార్గెట్‌లో 10 అనేది 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్ 4.5. అంచు తగిలినా 10 కాబట్టి, పది దెబ్బల చిల్లు బయటి అంచు నుంచి అంచుకి 9.5 మిల్లీమీటర్లు దాటితే షూటర్ ప్రమేయం లేకుండా తమరే 9లు కొడుతున్నట్టు. 7 లోపుంటే గ్రూపు నడుమ నుంచి ఏ దెబ్బా 10.5 కిందికి పోదు, అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒక్క సైజుతో గ్రూపు పెద్దదైందని వెంటనే బ్యారెల్‌ని తప్పుపట్టం. మూడు సైజులతోనూ చెదిరితేనే లేచి దండం పెడతాం.

ట్రిగ్గర్‌ది పెద్ద కథ కాదు. మొదటి దశ ఎక్కడ ఆగిందో వేలికి తెలియాలి, రెండో దశ జీళ్ళపాకంలా సాగకూడదు. లోడ్ చెయ్యకుండా కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా పెట్టి, బట్‌ని రబ్బరు చాప మీద తడితే తనంతట తాను పేలకూడదు. పేలిందా, ఎవరో సర్దుబాటు స్క్రూతో చెలగాటమాడారు.

వెనక కన్ను పెట్టి గురిచూసే డయాప్టర్ మాత్రం తమరిలో అందరికంటే నటి. పది క్లిక్కులు కుడికి, పది పైకి, పది ఎడమకి, పది కిందికి తిప్పుతూ కొడితే ఆఖరి దెబ్బ మొదటి చిల్లులోనే పడాలి. పక్కన పడితే లోపల మర అరిగింది. గురిని నడిమికి తెచ్చే జీరో కోసం నాబ్ ఒక చివరిదాకా తిప్పాల్సొస్తే మాత్రం డయాప్టర్‌ని అనుమానించకండి, తమరు ఎప్పుడో కిందపడ్డారు. ఆ సంగతి యజమానికి తెలుసు, తమరికీ తెలుసు.

ఇవన్నీ నెగ్గితే ఫిట్టింగ్. గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ కొట్లో దొరికిన ఏదో అల్లెన్ కీతో తమరిని విప్పడం నేరం. తమరివి మిల్లీమీటర్ సైజులు. అంగుళాల కీ ఓ నూలువాసి వదులుగా కూర్చుని స్క్రూ తలని గుండ్రం చేసి పెడుతుంది. యాక్షన్‌ని స్టాక్‌లో కూర్చోబెట్టి రెండు స్క్రూలూ కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించాలి. చివర్న బిగింపు కొలిచే టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెకే. "ఇంకాస్త గట్టిగా" అనే మన ఊరి అలవాటు ఇక్కడ పనికిరాదు. తరవాత వెనక స్క్రూ అలాగే ఉంచి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ సందున వేలి కొస ఆనించి, ముందు స్క్రూ నెమ్మదిగా వదులు చెయ్యాలి. వేలికి కదలిక తెలిసిందంటే యాక్షన్ లోపల వంగి కూర్చుంది, ఆ ఒత్తిడి గ్రూపులో బయటపడుతుంది. కాయితం ముక్క బ్యారెల్ కింద అడ్డులేకుండా జారాలి. సిలిండర్ స్టాక్ ముందు భాగమైన ఫోర్-ఎండ్‌కి తగలకూడదు.

ఆపైన తమరిని పిల్లవాడికి సరిచెయ్యాలి. జరిగేది తలకిందులు. తమరు ఎలా వచ్చారో అలాగే ఉంటారు, పన్నెండేళ్ళ గుంటడు మెడ వంచి, నడుం తిప్పి తమరికి సరిపడతాడు, ఆర్నెల్లకి నడుం నొప్పి మొదలవుతుంది. పద్ధతేంటంటే, ముందు భుజానికి ఆనే బట్‌ప్లేట్ పొడవు, ఎత్తు. తరవాత చీక్‌పీస్. కళ్ళు మూసుకుని రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి కళ్ళు తెరిస్తే డయాప్టర్ చిల్లు ఎదురుగా ఉండాలి. తల వెతుక్కోకూడదు. బట్‌ప్లేట్ మారితే చీక్‌పీస్ మళ్ళీ మారుతుంది, ఒక్క పూటలో తేలే పని కాదు. బరువు నియమం ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు. ఉండొచ్చన్నారు గానీ ఉండి తీరాలనలేదు. ముందున్న అదనపు బరువులన్నీ తీసెయ్యండి. పిల్లలచేత బరువులెత్తించదలిస్తే కొండవెలగాడ పక్కనే ఉంది, అక్కడ ఆ విద్య బాగా వచ్చినవాళ్ళున్నారు.

ధర విషయం. యజమాని చెప్పిన దాంట్లోంచి కొత్త సిలిండర్ ఖరీదు, సీల్ కిట్ ఖరీదు తీసెయ్యాలి. రెగ్యులేటర్ పోయుంటే సర్వీసు ఖర్చు, రానూపోనూ కొరియర్ కూడా. గ్రిప్ అరిగినందుకు పైసా తగ్గించమని అడగం. పెట్టె అందంగా ఉన్నందుకు పైసా ఇవ్వం.

ఇట్లు,
క్రోనోగ్రాఫ్, టార్క్ రెంచి ఎదురుగా పెట్టుకున్న
తమరి కాబోయే యజమానులు

తా.క.: ఈసారి వచ్చేటప్పుడు ఓ-రింగులకి కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె రాసుకుని రావద్దు. అధిక ఒత్తిడి గాలిలో నూనె పడితే మండే ప్రమాదముంది. సిలికాన్ గ్రీజు, అదీ వేలికొసకి అంటినంత. పంపు కొట్టేటప్పుడు మధ్యమధ్య ఆపి, బ్లీడ్ స్క్రూ విప్పి నీటిచెమ్మ వదలమని యజమానికి చెప్పండి. మన కోస్తా గాలిలో ఆ చెమ్మ తక్కువేం కాదు.