మూసలో కరిగిపోయే వయసు

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఒక కంసాలి నా కళ్లముందే పాత కాసులపేరును మూసలో వేశాడు. వెలిగారం చల్లి మంట పెంచాడు. కాసుల మీది లక్ష్మీదేవి మెత్తబడి, జారి, చివరికి ఎర్రటి బొట్టు మిగిలింది. గీటురాయి మీద గీసి వన్నె చెప్పాడు. దాని వయసు మాత్రం ఇక ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

లంకెబిందె దొరికిందన్న కబురు పుట్టగానే ‘కార్బన్ డేటింగ్ చేయిస్తే తేలిపోతుంది’ అంటారు. తేలదు. అది ఒకప్పుడు ప్రాణమున్న వాటికి చేసే పరీక్ష, లోహానికి కాదు. బిందెలో బొగ్గో గుడ్డపీలికో ఉంటే వాటికి చేయవచ్చు.

బంగారానికి వేరే గడియారం ఉంది. అందులో లేశమాత్రంగా ఉండే యురేనియం, థోరియం క్షీణిస్తూ హీలియం పుట్టిస్తాయి. యురేనియం-238 పరమాణువు ఒకటి సీసంగా మారేసరికి 8 హీలియం పరమాణువులు వస్తాయి. లోహం గట్టిగా ఉన్నంతకాలం ఆ వాయువు లోపలే చిక్కుకుంటుంది, కరిగిస్తే ఎగిరిపోతుంది. లోపల ఎంత హీలియం పోగైందో కొలిచి కాలం లెక్కగడతారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఓటో యూగ్‌స్టర్ 1990లలో బంగారు వస్తువుల మీద ఈ పద్ధతిని ప్రయోగించాడు. తెలిసేది చివరిసారి కరిగించిన కాలమే. అదీ చిన్న ముక్క కోసి కరిగిస్తేనే! నిన్నటి పోతనూ వేల ఏళ్ల పోతనూ విడదీయడానికి పనికొస్తుంది కానీ, ఏ రాజు కాలమో పోల్చదు.

1513లో కృష్ణదేవరాయలు తిరుమలేశునికి నవరత్న కిరీటం సమర్పించిన సంగతి మనకు శాసనం చెప్పింది, యంత్రం కాదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1896లో 2 లక్షల ఫ్రాంకులకు కొన్న ‘ప్రాచీన గ్రీకు’ కిరీటం గుట్టు 1903లో విప్పిందీ యంత్రం కాదు. ఒడెస్సా కంసాలి రుఖోమోవ్‌స్కీ స్వయంగా వచ్చి, అది తాను చేసిందేనని, అందులో కొంత భాగం మళ్లీ చేసి చూపించాడు. పనివాడి చేతిని మించిన సాక్ష్యం ఏముంది?

అందుకే యంత్రం కన్నా ముందు, వస్తువు ఎక్కడ, ఏ మట్టిలో, వేటి పక్కన దొరికిందో రాసిపెట్టడం ముఖ్యమంటాను. 10 రూపాయలకు మించిన గుప్తనిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. ఆ కబురు కలెక్టరు దాకా చేరేలోపు, మెరుపు చూద్దామని ఎవరో ఒకరు కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో తోమేస్తారు. అతుకుల సందుల్లోని మట్టి ఆ నీళ్లతోపాటే పెరట్లోకి పోతుంది.