వినిపిస్తోందా?

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద నుంచి చూస్తే కొండ కనిపిస్తుంది. నెట్ సిగ్నల్ మాత్రం సర్వదర్శనం లాంటిది, ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. అయినా శనివారం పొద్దున ఆరున్నరకు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని న్యూజెర్సీ పిల్లలకు తెలుగు క్లాసు చెప్పడానికి కూర్చుంటాను. అక్కడ అప్పుడు శుక్రవారం రాత్రి ఎనిమిది. ఇది చలికాలం లెక్క. మార్చిలో వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారని తెలియక, మొదటి ఏడాది ఖాళీ తెరకు నమస్కారం పెట్టాను.

పిల్లలు ఏడుగురు. "నాన్నా, ఊరికే చెప్తూ పోతే నిద్రపోతారు, క్విజ్ పెట్టు" అంది మా అమ్మాయి. పెట్టాను. అందులో నాలుగు జవాబులు నాలుగు రంగుల గళ్లలో ఉంటాయి, సరైనది ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ మార్కులు. ఇంకేం, ప్రశ్న చదవకుండానే అందరూ ఎర్ర గడి నొక్కేశారు. నాలుగింట ఒకటి తగలకపోదు కదా! ‘కల’కూ ‘కళ’కూ తేడా చెప్పి గెలిచినవాడు అప్పుడు పళ్లు తోముకుంటున్నాడు.

ఇలా లాభం లేదని పదాల మేఘం పెట్టాను. పిల్లలు ఫోన్‌లో ఒక మాట కొడితే అది తెర మీద తేలుతుంది. ఎక్కువమంది కొట్టిన మాట లావెక్కుతుంది. అక్షరం తేడా వస్తే వేరే మాట కింద లెక్క. "ఈ ఆరు నెలల్లో నా దగ్గర నేర్చుకున్న మాట ఏది?" అని అడిగాను. తల్లిదండ్రులను కూడా చూడమన్నాను, అదీ నా తెలివి. ‘కృతజ్ఞత’ వస్తుందని నా ఆశ.

ముందు ఓ మూల ‘పొంగిపోతాండాయి’ మొలిచింది. అది నేను నేర్పింది కాదు. పాల గురించి మా ఆవిడ మెట్ల కింద నుంచి వారం వారం అరిచే మాట.

తర్వాత నడిమధ్యన ఒక మాట లేచింది. ఇద్దరు కొట్టారు, ముగ్గురు, అయిదుగురు... తెరంతా అదే: ‘వినిపిస్తోందా’.

అయిదుగురూ ఒక్క తప్పు లేకుండా రాశారు. ‘వినిపిస్తుందా’ అని ఒక్కరూ కొట్టలేదు. అవమానంలోనూ కాస్త గర్వపడ్డాను.

మరుసటి వారం నేను నోరు తెరవగానే ఏడుగురూ "వినిపిస్తోంది సార్!" అన్నారు.

నా మైక్ మ్యూట్‌లో ఉంది.