ఖలీఫాగారి గుండ్రటి ప్లాను

కొత్తగా రాజధాని కట్టాలని ముచ్చటపడే ఏలికలంతా ముందు బాగ్దాద్ కథ చదవాలని నా మనవి. అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్‌గారు ఏదీ గుడ్డిగా చేసే మనిషి కాదు. నౌబఖ్త్ అనే జ్యోతిష్కుడి చేత ముహూర్తం పెట్టించి, 762లో టైగ్రిస్ నది పడమటి ఒడ్డున పని మొదలుపెట్టించారు. ఊరు గుండ్రం కాబట్టి ఈశాన్యం మూల పెరిగిందా తగ్గిందా అన్న టెన్షన్ లేదు. నాలుగు ద్వారాలు, నట్టనడుమ మహలు, పక్కనే మసీదు.

లెక్క దగ్గర మరీ గట్టి. ఒక భాగం పనులు చూసిన పెద్దమనిషి దగ్గర పదిహేను దిర్హాములు మిగిలాయని తేలితే, అవి కక్కేదాకా జైల్లో కూర్చోబెట్టారట. జనం ఆయనకి అబుద్దవానిక్ అని పేరు పెట్టారు. మన మాటలో దమ్మిడీల నాయన. మన దగ్గర పదిహేను రూపాయల తేడా కోసం ఫైలు తెరిస్తే, ఫైలుకే పరువు తక్కువ.

ఇంతలో రోమన్ చక్రవర్తి దూత వచ్చాడు. ఊరంతా తిప్పి చూపించి ఎలా ఉందని అడిగితే, బాగానే ఉంది గానీ మీ శత్రువులు మీతోపాటే లోపలున్నారన్నాడట. ఎవరయ్యా అంటే, అంగళ్ళవాళ్ళు! బేరం పేరు చెప్పి ఏ దేశపు వేగు అయినా దర్జాగా లోపలికొస్తాడు కదా. పరాయి రాజు మనిషి ఇచ్చిన సలహా ఎందుకు కాదనాలి? 773లో అంగళ్ళన్నీ దక్షిణాన కర్ఖ్ అనే పేటకి తరలిపోయాయి.

అక్కడా ప్లానే. ఏ సరుకు వాళ్ళకి ఆ వరస. కసాయివాళ్ళని మాత్రం చిట్టచివర పెట్టమన్నారట. కారణం కూడా సెలవిచ్చారు: వాళ్ళకి బుర్ర తక్కువ, చేతిలో కత్తి. శుక్రవారం నమాజు వంకతో మళ్ళీ కోటలోకి రాకుండా అంగళ్ళవాళ్ళందరికీ ఓ వేరే మసీదు కూడా కట్టించారు. దమ్మిడీల నాయన ఖర్చుకి వెనకాడలేదంటే భయం ఎంతటిదో చూడండి.

అంగళ్ళు పోయిన చోటికే కాలవ మీద యూఫ్రటీస్ పడవలు పిండీ, సిరియా ఈజిప్టు సరుకులూ మోసుకొచ్చాయి. ఓ వందేళ్ళ తర్వాత ఆ దక్షిణపు పేటల్లో పుస్తకాల దుకాణాలే వందకి పైగా ఉన్నాయని అప్పటి చరిత్రకారుడు యాఖూబీ రాశాడు. ఇంతకీ ఖలీఫాగారు? అంగళ్ళు తరలించిన రోజుల్లోనే గోడ బయట, నది ఒడ్డున ఖుల్ద్ అని ఇంకో మహలు కట్టించుకుని అక్కడికి మారారు. గాలి బాగుంటుందనేమో.

ఆ గుండ్రటి కోట ఇప్పుడు లేదు. బాగ్దాద్ పడమటి ఒడ్డుని మాత్రం జనం నేటికీ కర్ఖ్ అనే అంటారు.