వినపడని పిల్లలను ‘వినని పిల్లలు’ అంటున్నాం

‘ఎన్నిసార్లు పిలిచినా పలకడు, ధ్యాసంతా ఎక్కడో ఉంటుంది’ అని టీచరు ఫిర్యాదు చేసిన ప్రతి పిల్లవాడికీ ముందు చెవులు పరీక్షించాలి. వాడి బుద్ధి గురించి ఆ తర్వాత మాట్లాడొచ్చు. బడిలో మధ్యచెవి పరీక్షలు తప్పనిసరి చేయాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ముక్కు వెనుక భాగం నుంచి చెవికి వెళ్లే యూస్టేషియన్ నాళం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే పూడుకుపోతుంది, కర్ణభేరి వెనుక ద్రవం చేరుతుంది. చీము కారితే తల్లిదండ్రులే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. ఈ ద్రవం అలా బయటపడదు. చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం రాదు. వినికిడి మాత్రం 20 నుంచి 30 డెసిబెళ్ల మేర తగ్గిపోతుంది. గొంతు వినిపిస్తుంది కానీ ‘కట్టు’ అన్నారో ‘పట్టు’ అన్నారో తేలదు. పైగా ఈ వారం బాగా విన్నవాడు వచ్చే వారం వినలేడు. అందుకే కావాలని చేస్తున్నాడనుకుంటారు. అందరికీ ఇంతే వినపడుతుందనుకునే పిల్లవాడు నోరు తెరిచి చెప్పడు.

వాడు చెప్పకపోయినా టింపానోమీటర్ చెబుతుంది. చెవిలో చిన్న మొన ఉంచి, గాలి ఒత్తిడిని కాస్త మార్చి, కర్ణభేరి ఎంత కదిలిందో గీత గీసి చూపిస్తుంది. వెనుక ద్రవం ఉంటే ఆ గీత శిఖరం లేకుండా చదునుగా సాగుతుంది. అంతా కొన్ని సెకన్ల పని. 1970 నాటికే ఈ గీతలను ఎ, బి, సి రకాలుగా చదవడం వచ్చింది. పుట్టగానే చేసే వినికిడి పరీక్ష చాలదా అంటే, అది తర్వాత చేరే ద్రవాన్ని పట్టుకోలేదు.

చాలామందిలో ఇది మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుందనీ, పరీక్షలు పెడితే అనవసరపు ఆపరేషన్లు పెరుగుతాయనీ కొందరు డాక్టర్లు అంటారు. తగ్గుతుందన్న మాట నిజమే. కానీ ఎవరికి తగ్గాలని ఎదురుచూస్తున్నామో తెలియాలి కదా! చదును గీత వచ్చిన పిల్లవాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. రెండు చెవుల్లోనూ ద్రవం అలాగే ఉండి, వినికిడి తగ్గి ఉంటేనే గ్రోమెట్ (ఆపరేషన్ చేసి కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) మాట.

అసలు తరగతి గదిని కట్టేటప్పుడు వినేవాడి గురించి ఎవరూ ఆలోచించరు. ఉత్త గోడలు, మోగే పైకప్పు, పక్క గది గోల. మంచి చెవులే అలసిపోయే చోట ద్రవం నిండిన చెవి ఏం చేయగలదు? ఏడాది పొడవునా మార్కులు కొలిచే బడి, పాఠం చివరి బెంచీ దాకా చేరుతోందో లేదో ఒక్కసారీ కొలవదు. ప్రోగ్రెస్ కార్డులో మార్కుల పైన ‘కుడి చెవి’, ‘ఎడమ చెవి’ అని రెండు గడులు పెట్టండి. అవి నింపాకే ‘శ్రద్ధ లేదు’ అని రాయండి.