ఫజీ లాజిక్‌ను స్టిక్కర్ చేసి పారేశారు

ఫజీ లాజిక్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది వాషింగ్ మెషిన్ మూత మీది మెరుపు స్టిక్కర్. ఇంజనీరింగ్ చదివినవాళ్లకైతే చివరి ఏడాది ప్రాజెక్టు: మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నాలుగు త్రిభుజాలు గీసి, రంగుల గ్రాఫ్ ఒకటి ప్రింటు తీసి, వైవా గట్టెక్కడం. మొన్న ఒక పెద్దమనిషి "ఏఐ వచ్చాక ఇంకా ఆ పాత చింతకాయ పచ్చడి ఎందుకండీ?" అని తీసిపారేశాడు. ఈ మూడు రకాల చిన్నచూపు మీదా నాకు కోపమే. అందుకే ఈ పొడుగాటి పోస్టు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దాటేయండి, ఏమీ అనుకోను.

ఫజీ లాజిక్‌కు పునాది వేసిన లోట్ఫీ జాదే 1921లో బాకూలో పుట్టాడు, టెహ్రాన్‌లో పెరిగాడు, అమెరికా వెళ్లి బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1965లో ఆయన అచ్చు వేసిన వ్యాసంలోని అసలు సంగతి చాలా చిన్నది. ఒక వస్తువు ఒక గుంపులో ఉందా లేదా అనే ప్రశ్నకు రెండే జవాబులు ఉండనక్కరలేదు, ఎంత మేరకు ఉందో సున్నాకూ ఒకటికీ మధ్య అంకెతో చెప్పవచ్చు. 38 డిగ్రీల రోజు 'వేడి రోజుల' గుంపులో 0.6 మేరకు ఉందనుకోండి. 'వేడి కాదు' అన్న మాటకు విలువ 0.4. 'చాలా వేడి' కావాలంటే ఆయన సూచించిన పద్ధతిలో 0.6ను దానితోనే గుణించాలి, 0.36 వస్తుంది. దీన్ని సంభావ్యతతో కలిపి గందరగోళపడేవాళ్లు ఎక్కువ. రేపు వాన పడే అవకాశం 0.6 అంటే, పడిందో లేదో రేపటితో తేలిపోతుంది. ఈ రోజు 0.6 మేరకు వేడి అన్నప్పుడు తేలాల్సింది ఏమీ లేదు. థర్మామీటర్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా అది 0.6గానే ఉంటుంది.

ఇంత చిన్న మాటకు ఆయన తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. యంత్రాలను అదుపు చేసే కంట్రోల్ సిద్ధాంతంలో తిరుగులేని పేరున్న రుడాల్ఫ్ కాల్మన్ ముఖం మీదే తప్పుపట్టాడు. అదే బర్క్‌లీలో పనిచేసిన విలియం కహాన్ అయితే దీన్ని విజ్ఞానశాస్త్రానికి పట్టిన కొకైన్ అన్నాడు. కంప్యూటర్లలో దశాంశాల లెక్కకు ప్రమాణాలు రూపొందించిన మనిషి ఆ మాట అన్నాడంటే తేలిగ్గా తీసుకోలేం. కానీ వాళ్లు వాదిస్తూ ఉండగానే యంత్రాలు నడవడం మొదలైంది.

నడిపించినవాడు ఇబ్రహీం మందానీ. టాంజానియాలో పుట్టి, ఇండియాలో చదువుకుని, బ్రిటన్ చేరినవాడు. 1970ల మధ్యలో లండన్‌లో తన విద్యార్థి అసిలియన్‌తో కలిసి ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని ఈ పద్ధతిలో అదుపు చేశాడు. సమీకరణాలు కట్టలేదు. 'పీడనం తక్కువగా ఉండి, అది మారకుండా ఉంటే, వేడి కాస్త పెంచు' అనే తీరు నియమాలు కొన్ని రాసుకున్నారు. ఆ 'తక్కువ'కూ 'కాస్త'కూ జాదే లెక్క తగిలించారు, అంతే.

దీని విలువ తెలియాలంటే సిమెంటు ఫ్యాక్టరీలోని కిల్న్ అనే పెద్ద కొలిమి దగ్గరికి వెళ్లాలి. నల్గొండ, పల్నాడు, కడప వైపు వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. పదుల మీటర్ల పొడవున్న ఉక్కు గొట్టం, లోపల మంటకు తట్టుకునే ఇటుకల వరుస, కాస్త వాలుగా పడుకోబెట్టి నెమ్మదిగా తిప్పుతుంటారు. పై కొస నుంచి సున్నపురాయి పొడి దిగుతుంది, కింది కొస నుంచి బొగ్గు మంట కొడుతుంది. సరుకు 1450 డిగ్రీల దాకా కాగితేనే సరైన క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటు అయ్యే గడ్డలు, వస్తాయి. తగ్గితే కలవని సున్నం మిగిలిపోతుంది, పెరిగితే బొగ్గు దండగ, ఇటుకలకు చేటు. ల్యాబ్ నుంచి ఫలితం వచ్చేసరికి ఆ సరుకు ఎప్పుడో బయటపడి ఉంటుంది. అందుకని అనుభవమున్న ఆపరేటర్ నల్లద్దంలోంచి మంట రంగు చూస్తాడు. గొట్టాన్ని తిప్పే మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూస్తాడు. సరుకు బాగా కాగి జిగురెక్కితే గోడను పట్టుకుని పైదాకా ఎక్కుతుంది, మోటారుకు బరువవుతుంది. రెండూ బేరీజు వేసుకుని 'బొగ్గు కొంచెం తగ్గించు' అంటాడు. ఎంత కొంచెం అని అడిగితే విసుక్కుంటాడు.

డెన్మార్క్ కంపెనీ ఎఫ్.ఎల్. స్మిత్ ఇంజనీర్లు 1970ల చివర్లో ఆ 'కొంచెం'నే కంప్యూటర్‌కు ఎక్కించారు. వాళ్ల నియమాలకు ఆధారం కిల్న్ ఆపరేటర్లకు పని నేర్పే ఒక చేతిపుస్తకం. నాకు ఈ కథలో నచ్చేది ఇదే. పెద్ద డిగ్రీలున్నవాళ్లు చొక్కాకు బొగ్గుమసి అంటినవాడి మాటను తీసిపారేయకుండా, అతని భాషలోనే రాసుకుని, అతనికి తిరిగి చదివి వినిపించగలిగే ప్రోగ్రాం చేశారు. నియమం తప్పయితే అతనే వేలు పెట్టి 'ఇది ఇలా కాదు సార్' అని చూపించగలడు.

జపాన్‌లో సెండాయ్ మెట్రో 1987లో మొదలైనప్పుడు రైలు వేగాన్నీ బ్రేకునూ హిటాచీ కంపెనీ ఫజీ కంట్రోలర్‌కు అప్పగించారు. బ్రేకు ఇప్పుడు ఇంత వేస్తే ప్రయాణికుడికి కుదుపు ఎంత, ప్లాట్‌ఫారం మీద గీత దగ్గర ఆగడంలో తేడా ఎంత అని ముందే అంచనా కట్టి, అన్నిటిలోకీ మేలైనదాన్ని ఎంచుకునే పద్ధతి అది. వియన్నాలో వైద్యులకు రోగనిర్ధారణలో సాయపడే కాడియాగ్-2 అనే వ్యవస్థను కట్టినవాళ్లూ ఈ దారే పట్టారు. రోగి 'కొద్దిగా నొప్పి' అంటే ఆ కొద్దినీ లెక్కలోకి తీసుకున్నారు.

ఇక స్టిక్కర్ సంగతి. మాత్సుషితా కంపెనీ 1990లో జపాన్‌లో తెచ్చిన ఫజీ వాషింగ్ మెషిన్ నిజంగా తెలివైనది. నీటి దారిలో ఒక పక్క చిన్న లైటు, ఎదురుగా దాన్ని పట్టుకునే సెన్సర్. నీళ్లు మురికయ్యేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఎంత తగ్గింది అన్నదాన్ని బట్టి మురికి ఎంతో, ఎంతసేపటికి నిలకడకు వచ్చింది అన్నదాన్ని బట్టి మురికి ఏ రకమో గ్రహిస్తుంది. మట్టి త్వరగా వదులుతుంది, జిడ్డు ఆలస్యంగా వదులుతుంది మరి. మా ఇంటి మెషిన్ మీదా అదే ముద్ర ఉంది. బటన్ నొక్కగానే నీళ్లు రాకముందే డ్రమ్మును అటూ ఇటూ నాలుగు కుదుపులు కుదిపి, బట్టల బరువు అంచనా వేసి, నీటి మట్టం ఎంచుకుంటుంది. అక్కడితో దాని తెలివి సరి. మురికి చూసే సెన్సర్ అందులో లేదని విప్పి చూపించింది మెకానిక్కే. విందులో పులుసు ఒలికిన చొక్కాకూ, గంటసేపు తొడిగి విప్పిన చొక్కాకూ దాని దృష్టిలో తేడా లేదు. అమ్మినవాడు మాత్రం "ఇది ఆలోచించి ఉతుకుతుంది మేడమ్" అని మా ఆవిడకు ఒట్టేసినంత పని చేశాడు.

దీనికి హద్దులు లేవని నేను అనను. అయిదు ఇన్‌పుట్లు పెట్టుకుని ఒక్కోదానికి 'తక్కువ', 'ఎక్కువ' లాంటి అయిదేసి మాటలు పెడితే అన్ని కలయికలకూ కలిపి 3125 నియమాలు కావాలి. అన్ని నియమాలు ఏ ఆపరేటరూ చెప్పలేడు. ఫొటోలో మొహం గుర్తుపట్టడానికీ, అనువాదానికీ ఇది పనికిరాదు, అక్కడ ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులే గతి. ప్రాజెక్టు త్రిభుజాల మీద నా కోపం కూడా ఇందుకే. 'తక్కువ' లాంటి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేది ఆ త్రిభుజమే. దాని కొసలు ఎక్కడ ఉండాలో పని తెలిసినవాణ్ణి ఒక్కణ్ణీ అడగకుండా, గ్రాఫ్ అందంగా వచ్చేచోట పెట్టేస్తారు. అలా చేస్తే కహాన్ తిట్టిన తిట్టు నిజమైనట్టే.

కానీ మనుషుల బతుకుల మీద నిర్ణయాలు జరిగేచోట చదివి, నిలదీయగలిగే నియమం కావాలా, 'సిస్టం రిజెక్ట్ చేసింది' అనే జవాబు కావాలా? నేను మొదటిదే కోరుకుంటాను. ఆ నియమం ఒక్క గీత దగ్గర తెగ్గొట్టేది కాకూడదనీ కోరుకుంటాను. పరగడుపు షుగర్ 125 అయితే 'బోర్డర్', 126 అయితే షుగర్ జబ్బు అని రిపోర్టు చూసి ఇంట్లో ఏడుపులు. అనుభవమున్న డాక్టరు ఆ ఒక్క అంకె తేడాను పట్టించుకోడు, మళ్లీ పరీక్ష చేయిస్తాడు. ప్రభుత్వం అలా కాదు. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2025-26లో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. తండ్రి ఒక వెయ్యి ఎక్కువ సంపాదించాడా, పిల్లకు మొత్తం పోయినట్టే. 2.5 లక్షల దాకా పూర్తిగా ఇచ్చి, అక్కడి నుంచి తగ్గిస్తూ 3.5 లక్షల దగ్గర సున్నా చేస్తే 3 లక్షల ఇంటికి సగం దక్కుతుంది. ఎనిమిదో తరగతి లెక్క.

ఇది చేతకాక కాదు. ఆదాయపు పన్నులో చేస్తూనే ఉన్నారు. 2025-26కు కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు. 12,10,000 ఆదాయానికి స్లాబుల ప్రకారం సెస్సు కాక 61,500 కట్టాలి, కానీ మార్జినల్ రిలీఫ్ పేరుతో దాన్ని 10,000కు దించారు. గీత దాటినందుకు జీతగాడు నష్టపోకూడదని అంత జాగ్రత్త. కూలివాడి కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోయింది?

'మెట్లు పెడితే ఆఫీసుల్లో బేరాలు మొదలవుతాయి' అంటారు కొందరు. సూత్రం ముందే గెజిట్‌లో అచ్చు వేస్తే గుమాస్తాకు బేరమాడే చోటెక్కడిది? బేరాలు పుట్టేది ఒక్క గీత ఉన్నచోటే. ఆదాయ ధ్రువపత్రాలు ఒక పది తిరగేసి చూడండి, ఎంతమంది సంపాదన సరిగ్గా గీతకు నాలుగు వేలు ఇవతల ఆగిపోయిందో.