కువైట్ ఇళ్లు మన ఆడవాళ్ల వల్ల పాడయ్యాయా?

నాలుగు రోజుల్లో ఒకే మెసేజ్ మన గ్రూపులో ఐదుగురు పంపారు. "మన పనిమనుషులు వెళ్లి కువైట్ కుటుంబాలను పాడుచేశారు. అక్కడి పిల్లలకు అరబ్బీ రాదు, అమ్మంటే తెలీదు. సొంత దేశంలోనే వాళ్లు మైనారిటీ అయ్యారు. మనవాళ్లు ఇళ్లలోంచి పారిపోయి చెడ్డపేరు తెస్తున్నారు" అని. పంపినవాళ్లలో ఇద్దరి ఇళ్లు కువైట్ డబ్బుతోనే లేచాయి. నా బాధంతా అదే.

మైనారిటీ మాట నిజమే, అక్కడి జనాభాలో పౌరులు మూడో వంతుకు తక్కువే. కానీ కఫీల్, అంటే పనిలో పెట్టుకునే అక్కడి యజమాని, వీసా తీయకుండా ఏ పనిమనిషి అయినా విమానం ఎక్కిందా? అరబ్బీ సంగతంటారా, పిల్లల్ని ఇంగ్లీషు బళ్లలో వేసింది తల్లిదండ్రులు. సంతకం కూడా రాని మా చిన్నమ్మ అరబ్బీ గడగడా మాట్లాడుతుంది.

కుటుంబాలు పాడవడమేంటి? ఉద్యోగాలు చేసే కువైట్ పౌరుల్లో సగానికి పైగా ఆడవాళ్లే. వాళ్లు ఆఫీసుకు వెళ్తే ఇంట్లో వంట చేసి, ముసలాళ్లకు మందులిచ్చేది ఎవరు?

ఇక "పారిపోతారు" అన్న మాట. దీనికి మాత్రం ఊరుకోలేను. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం చేసిన 68వ నంబరు చట్టంలో రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవని ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. ఇంటి తలుపు మూశాక ఇవన్నీ ఎవరు చూస్తారు? చిన్నమ్మ మొదటి ఇంట్లో తెల్లారి 5కు లేచేది. దివానియా, అంటే ఇంట్లో మగవాళ్ల సభ, ఉన్న రోజు రాత్రి ఒంటిగంట దాకా చాయ్ గ్లాసులు కడిగేది. పడక వాషింగ్ మెషిన్ పక్కన. మూడు నెలలు జీతం లేదు, పాస్‌పోర్టు సేఠు, అంటే ఆ ఇంటి యజమాని, బీరువాలో. ఒకరోజు చెత్త సంచి పట్టుకుని బయటికొచ్చి, అలాగే ఎంబసీకి చేరింది. సేఠు పరారీ కేసు పెట్టాడు. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు, చాకిరీ చేసినామె నేరస్థురాలు! హైదరాబాద్‌లో మూడు నెలలు జీతం ఇవ్వని కంపెనీని మీ అబ్బాయి వదిలేస్తే మానేశాడంటారు. మా చిన్నమ్మ అయితే పారిపోయిందా?

ఎంబసీవాళ్లు మాట్లాడితే ఆ సేఠు రిలీజ్, అంటే వేరే ఇంట్లో పనికి మారే అనుమతి, ఇచ్చాడు. అలా చేరిన రెండో ఇల్లు మంచిది.

"అమ్మంటే తెలీదు" అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. పోయినసారి చిన్నమ్మ సెలవు మీద వస్తే, ఆ రెండో ఇంటి నాలుగేళ్ల పిల్లాడు రోజూ వీడియో కాల్ చేసేవాడు. తల్లి ఒళ్లోనే కూర్చుని "బువ్వ, బువ్వ" అని ఏడ్చేవాడు, తెలుగులోనే. ఆ తల్లి ముఖం నేను చూశాను. చిన్నమ్మ ఫోన్ నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆ వయసులో ఆమె సొంత కొడుకు ఇక్కడ అవ్వను అమ్మా అని పిలిచేవాడు.

అక్కడా ఇక్కడా ఈ రెండిళ్ల బాధ గురించి రాయండి, నేనే పదిమందికి పంపుతాను. పారిపోయారన్న మాట మాత్రం మన గ్రూపులో ఇంకోసారి పెట్టొద్దు.