డబ్బా మీది ముఖానికి ఒక పేరుంది

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో, టమాటా సాస్‌తో వండిన స్పగెట్టి లాంటివి నింపి అమ్మే 'షెఫ్ బోయార్డీ' డబ్బాను కిరాణా అరల్లో ఒక్కసారైనా చూడనివారు అరుదు. తెల్లటి పొడవాటి టోపీ, మీసం, నవ్వు ముఖంతో ఉన్న ఆ పెద్దాయనను ఏదో కంపెనీ ఊహించి గీయించిన బొమ్మగానే చాలామంది భావిస్తారు. నిజానికి ఆయన బతికి, పొయ్యి ముందు నిలబడి వండిన మనిషి. పేరు ఎత్తోరె బొయార్ది. 1985 జూన్ 21న ఒహాయోలో కన్నుమూశారు. సరిగ్గా నలభై ఏళ్ల తర్వాత, 2025లో, ఆ బ్రాండ్ 60 కోట్ల డాలర్ల ఒప్పందంతో చేతులు మారింది. ఆ ముఖానికి అంత విలువ కట్టిన దేశం ఆ మనిషిని, ఆయనలాంటి వాళ్లను ఎలా చూసిందో గుర్తు చేసుకోవలసిన సమయం ఇదే.

ఉత్తర ఇటలీలోని పియచెంజాలో 1897లో పుట్టిన బొయార్ది, పదకొండేళ్లకే హోటల్ వంటింట్లో చేరి బంగాళాదుంపలు తొక్క తీస్తూ, చెత్త ఎత్తుతూ పని నేర్చుకున్నారు. 1914లో, పదహారేళ్ల వయసులో, వలస వచ్చేవారిని తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో దిగారు. అప్పటికే న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో పనిచేస్తున్న సోదరుడు పావొలో ఆయనను అదే వంటింట్లో పెట్టించారు. ఇంట్లో ఒకరు ముందు వెళ్లి నిలదొక్కుకుంటే వెనుక వారికి దారి ఏర్పడటం మన కుటుంబాలకూ కొత్త సంగతి కాదు.

తర్వాత క్లీవ్‌లాండ్ చేరి, 1920ల మధ్యలో సొంతంగా 'ఇల్ జార్దీనో దితాలియా', అంటే 'ఇటలీ తోట', అనే రెస్టారెంట్ తెరిచారు. తిన్నవాళ్లు ఆ టమాటా సాస్ ఇంటికీ కావాలని అడగసాగారు. ఆయన కడిగిన పాలసీసాల్లో సాస్ నింపి, దానితోపాటు ఎండు స్పగెట్టి, కాస్త చీజ్ కట్టి ఇచ్చేవారు. నా దృష్టిలో ఆయన జీవితం మొత్తానికీ ఆ పాలసీసాయే గుర్తు. దాని వెనుక వ్యాపార ప్రణాళిక ఏదీ లేదు. అడిగిన అతిథిని వట్టి చేతులతో పంపలేని వంటవాడి మర్యాద మాత్రమే ఉంది. సోదరులు తోడు నిలవగా 1928లో ఫ్యాక్టరీ పెట్టారు, పదేళ్లకు దాన్ని పెన్సిల్వేనియాలోని మిల్టన్‌కు, టమాటా పండించగల రైతుల మధ్యకు తరలించారు.

ఆయన డబ్బాలో పెట్టినది అసలైన ఇటలీ వంట కాదని, నోరు తిరగని వారి కోసం సొంత ఇంటిపేరునే 'బాయ్-ఆర్-డీ' అని ముక్కలు చేసుకున్నారని విమర్శించేవారు ఉన్నారు. మెత్తబడిన ఆ స్పగెట్టి రుచి గురించి వారితో నేను వాదించను. కానీ పేరు విషయంలో తప్పును ఆయన మీద వేయడం అన్యాయం. మూడు అక్షరాల పేరు పలకడం నేర్చుకోవలసినది కొనేవారు. వారు నేర్చుకోకపోతే, పది మందికి జీతాలు ఇవ్వవలసినవాడు ఏం చేయగలడు?

ఆయన హోటల్ నడిపిన ఆ కాలాన్నే చూడండి. ఇటాలియన్లు ఏటా రెండు లక్షలకు పైగా వచ్చిన రోజులు అంతకుముందు ఉన్నాయి. 1924 వలస చట్టం 1890 నాటి జనాభా లెక్కలను కొలతగా పెట్టుకుని, ఇటలీ నుంచి రానిచ్చేవారి వాటాను (కోటాను) ఏడాదికి 3,845 మందికి కుదించింది. క్లీవ్‌లాండ్ జనం పాలసీసాలు ఇంటికి తీసుకువెళ్తున్న కాలంలోనే వాషింగ్టన్ ఆ వంటవాడి ఊరివారికి తలుపు వేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిల్టన్ ఫ్యాక్టరీ సైనికుల కోసం రేయింబవళ్లు ఆహారం తయారు చేసింది. అదే యుద్ధంలో, పౌరసత్వం తీసుకోని దాదాపు ఆరు లక్షల మంది ఇటాలియన్లు 1942 అక్టోబరు వరకు 'శత్రుదేశీయులు'గా నమోదై, గుర్తింపు కార్డులు పట్టుకుని తిరిగారు. బేస్‌బాల్ వీరుడు జో డిమాజియో తండ్రి సైతం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో చేపల వేటకు వెళ్లలేకపోయారు. వంటకాన్ని మెచ్చడం వేరు, వండిన చేతిని మెచ్చడం వేరు అని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించదు.

ఇది మనకు పరాయి కథ అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. బొయార్ది కుటుంబం కంపెనీని అమ్మిన 1946లోనే భారతీయులకు అమెరికా ఇచ్చిన వాటా ఏడాదికి వంద మంది. ఇటలీనీ ఇండియానీ ఒకే తీరున కట్టడి చేసిన ఆ జాతీయ కోటాలు 1965లో రద్దయ్యాయి. ఆ రద్దు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినవారిలో ఇటాలియన్, యూదు వలసల సంఘాలు ముందున్నాయి. తర్వాతి దశాబ్దాల్లో గుంటూరు, వరంగల్ నుంచి వెళ్లిన మన వైద్యులు, ఇంజనీర్లు నడిచినది ఆ దారిలోనే. బొయార్ది బ్రాండ్ అమ్ముడుపోయిన 2025లోనే, సెప్టెంబరులో, కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. కోడ్ రాసే చేయి అవసరమే, ఆ చేయి గల మనిషి మాత్రం బరువు అన్న ధోరణి 1924 నాటిదే.

కాబట్టి ఆ బ్రాండ్ కొత్త యజమానులను ఒక్కటే కోరుతున్నాను. డబ్బా మీద ఆ నవ్వు ముఖం కింద ముక్కలు చేయని ఆయన అసలు పేరును, పియచెంజా అనే ఊరిని, 1914 అనే సంవత్సరాన్ని ముద్రించండి. ఒక్క వరుస చాలు, దానికి డబ్బా మీద చోటు ఉంది.